గైస్ అంటున్నాం సరే, ఆ గై ఎవరు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. హాస్టల్ స్నేహితురాళ్ళతో వీడియో కాల్‌లో మాట్లాడినంతసేపూ ఒకటే "గైస్, గైస్". అటువైపు ఉన్నవాళ్ళంతా ఆడపిల్లలే. గై అంటే మగవాడు కదే అంటే "అది అందరికీ వాడతారమ్మా" అంటుంది. అసలు ఈ మాట ఎక్కడిది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు: నమస్కారమండీ. మీ అమ్మాయి చెప్పింది నిజమే, మీరన్నదీ నిజమే. "ఒక గై" అంటే ఇప్పటికీ మగవాడే. "గైస్" అని గుంపును పిలిస్తే మాత్రం అందులో ఆడవాళ్ళూ ఉంటారు, కొన్నిసార్లు ఆడవాళ్ళే ఉంటారు. కానీ ఈ మాట ప్రయాణం మొదలైంది "మగవాడు" అనే అర్థంతో కాదు. ముందు అది ఒక మనిషి పేరు. ఆ తర్వాత ఒక గడ్డిబొమ్మ పేరు. మనిషి నుంచి బొమ్మకు వెళ్ళి, బొమ్మ నుంచి మళ్ళీ మనుషుల మీదికి వచ్చిన మాట ఇది. నాకు చాలా ఇష్టమైన కథ కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ఆ మనిషి గై ఫాక్స్. 1570లో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి ఒక కాథలిక్‌ను మారుమనువు చేసుకుంది. ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ రాజ్యంగా మారి, కాథలిక్కులు చర్చికి రాకపోతే జరిమానాలు కట్టాల్సిన రోజులవి. ఫాక్స్ పెద్దయ్యాక కాథలిక్ స్పెయిన్ సైన్యంలో చేరి నెదర్లాండ్స్ వైపు యుద్ధాల్లో పనిచేశాడు. అక్కడే తన పేరును ఇటాలియన్ పద్ధతిలో "గ్విడో" అని మార్చుకున్నాడు.

1604లో రాబర్ట్ కేట్స్‌బీ అనే పెద్దింటి కాథలిక్ ఒక కుట్రకు నాయకత్వం వహించాడు. పార్లమెంటు ప్రారంభమయ్యే రోజున రాజు మొదటి జేమ్స్, ప్రభువులు, మతాధికారులు అందరూ ఒకే చోట ఉంటారు. ఆ భవనం కింద మందుగుండు పెట్టి పేల్చేస్తే ఒక్క దెబ్బతో రాజ్యం తలకిందులవుతుందని వాళ్ళ లెక్క. కుట్రలో చేరినవాళ్ళు మొత్తం 13 మంది. ప్రభువుల సభ కిందనే ఉన్న ఒక సామాన్ల గదిని అద్దెకు తీసుకున్నారు. అందులో 36 పీపాల మందుగుండు చేర్చి, పైన కట్టెలు, బొగ్గు కప్పారు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు కాబట్టి నిప్పు ముట్టించే పని ఫాక్స్‌కు అప్పగించారు. అతను జాన్ జాన్సన్ అనే దొంగపేరుతో, ఆ గదికి కాపలా నౌకరులాగా ఉన్నాడు.

1605 అక్టోబరు 26న మాంటీగిల్ అనే ప్రభువుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది, పార్లమెంటుకు రావద్దని. ఆయన దాన్ని ప్రభుత్వానికి అందజేశాడు. నవంబరు 4 అర్ధరాత్రి వేళ సోదా చేస్తే ఫాక్స్ పీపాలతో సహా దొరికిపోయాడు. అప్పుడతని దగ్గర ఉందని చెప్పే లాంతరు ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

లండన్ టవర్‌లో అతన్ని చిత్రహింస పెట్టారు. అతని సంతకాలు బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి, ఫొటోలు నెట్‌లో తేలిగ్గానే దొరుకుతాయి. ఒకసారి చూడండి. ఒక దాంట్లో పూర్తి పేరు, గట్టి చేతితో రాసింది. చిత్రహింస తర్వాతి దాంట్లో "గ్విడో" అన్న ఒక్క మాటే ఉంటుంది. అక్షరాలు వణికిపోయి, సిరా ఉందా లేదా అన్నంత పల్చగా ఉంటాయి. ఇంటిపేరు రాసే శక్తి కూడా లేదని ఆ గీతలే చెబుతాయి. 1606 జనవరి 31న వెస్ట్‌మిన్‌స్టర్‌లో అతనికి మరణశిక్ష అమలు చేశారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కుట్రకు నాయకుడు కేట్స్‌బీ కదా, మరి జనం నోట్లో ఫాక్స్ పేరెందుకు నిలిచింది? కేట్స్‌బీ లండన్‌కు దూరంగా పారిపోయి, నవంబరు 8న జరిగిన కాల్పుల్లోనే చనిపోయాడు. మందుగుండు పక్కన పట్టుబడినవాడు ఫాక్స్. జనానికి కథలో కనబడే మనిషి కావాలి, కనబడినవాడు ఇతనే.

ఆ నవంబరు 5 సాయంత్రమే లండన్‌లో రాజు బతికాడన్న సంతోషంతో వీధుల్లో మంటలు వేశారు. తర్వాత పార్లమెంటు ఒక చట్టం చేసి, ఏటా నవంబరు 5న చర్చిల్లో కృతజ్ఞతా ప్రార్థనలు చేయాలంది. ఆ చట్టం 1859 వరకు ఉంది. చర్చి ప్రార్థనల సంగతి అలా ఉంచితే, జనానికి పట్టుకున్నది మాత్రం మంటలు, టపాకాయలు, బొమ్మ తగలబెట్టడం. మొదట్లో ఎక్కువగా పోప్ బొమ్మను కాల్చేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి గై ఫాక్స్ బొమ్మదే పైచేయి అయింది.

ఆ బొమ్మ ఎలా ఉండేదో తెలిస్తేనే మాట ఎలా మారిందో అర్థమవుతుంది. ఇంట్లో పనికిరాని పాత కోటు, పాత ప్యాంటు తీసి అందులో గడ్డి, చిరుగుపాతలు కుక్కేవారు. మొహానికి కాగితం ముసుగు, నెత్తిన కాగితం టోపీ, ఒక చేతిలో లాంతరు, ఇంకో చేతిలో అగ్గిపుల్లల కట్ట. ఆ బొమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పేద పిల్లలు వీధి వీధీ తిప్పుతూ "గైకి ఒక పెన్నీ ఇవ్వండి బాబూ" అని అడుక్కునేవారు. వచ్చిన డబ్బులతో టపాకాయలు కొనుక్కుని, రాత్రికి బొమ్మను మంటలో వేసేవారు. "గుర్తుంచుకో, గుర్తుంచుకో, నవంబరు ఐదు" అనే పాట కూడా వాళ్ళదే.

ఇప్పుడు నిఘంటువుల్లో నమోదైన సంవత్సరాలు చూద్దాం. "గై" అంటే ఫాక్స్ బొమ్మ అనే అర్థం 1806కు దొరుకుతోంది. చింపిరి బట్టలు, అవకతవక వేషం వేసుకున్న మనిషి అనే అర్థం 1836కు. "ఫలానా మనిషి, ఒకతను" అనే మామూలు అర్థం 1847కు, అదీ అమెరికాలో. ఒకరిని గేలి చేయడం అనే అర్థంలో దీన్ని క్రియగా కూడా వాడారు.

మొదటి మలుపు తెలుగువాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మనం దిష్టిబొమ్మ అంటాం. కట్టుబడిలో ఉన్న ఇంటికి, కాపుకొచ్చిన చేనుకు దిష్టి తగలకుండా కట్టేది అదే. ధర్నాలో నాయకుడి పేరు చెప్పి తగలబెట్టేదీ దిష్టిబొమ్మే. ఎవరైనా వింత బట్టలేసుకుని వస్తే "ఏంట్రా దిష్టిబొమ్మలా తయారయ్యావు" అంటాం. 1830ల్లో లండన్‌లో "గైలా ఉన్నాడు" అన్నది అచ్చంగా ఇదే. మన మాట అక్కడితో ఆగింది. వాళ్ళ మాట ఇంకో అడుగు వేసి, వెక్కిరింపును వదిలేసి "మనిషి" అయిపోయింది.

ఆ అడుగు అమెరికాలో ఎందుకు పడిందన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. ఇంగ్లండ్‌లో ఏటా నవంబరులో గడ్డిబొమ్మ వీధిలోకి వచ్చేది. కాబట్టి గై అనగానే బొమ్మే కళ్ళముందు మెదిలేది. అమెరికా కాలనీల్లో, ముఖ్యంగా బోస్టన్‌లో, ఇదే పండుగను పోప్ డే అని చేసేవారు. స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775లో జార్జ్ వాషింగ్టన్ తన సైనికులెవరూ పోప్ బొమ్మను కాల్చరాదని ఆజ్ఞ ఇచ్చాడు. కెనడాలోని కాథలిక్కుల మద్దతు కోసం ప్రయత్నిస్తూ, ఇక్కడ వాళ్ళ మతగురువు బొమ్మను తగలబెడితే ఎలా అని. ఆ తర్వాత అక్కడ ఈ వేడుక సన్నగిల్లిపోయింది. పండుగ లేని చోటికి మాట ఒక్కటే చేరితే దాని వెనకున్న బొమ్మ ఎవరికీ గుర్తుండదు. ముందు "ఆ వింత మనిషి", తర్వాత "ఆ మనిషి", చివరికి "ఎవరో ఒకతను". నాకు తోచిన కారణం ఇది. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్ల నోటినుంచే ఈ అర్థం ఇంగ్లండ్‌కు తిరిగొచ్చింది.

మన భాషలో శకుని, నారదుడు, కుంభకర్ణుడు కూడా సొంత పేర్ల నుంచి సామాన్య నామాలైన మాటలే. కానీ కుంభకర్ణుడంటే నిద్ర, శకుని అంటే కుట్ర. ఆ మనిషి గుణం మాటను వదలలేదు. గై అనే మాటలో మాత్రం ఫాక్స్ గుణం ఒక్కటీ మిగల్లేదు. తిట్టుగా కాల్చిన పేరు ఎవరికీ తగలని మాటగా మిగలడం భాషలో అరుదు.

ఇంకో సంగతి. నవంబరు 5 కొన్నేళ్ళు మన దీపావళికి దగ్గరగా పడుతుంది. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు ఇది బాగా తెలుసు, ఎందుకంటే మామూలు దుకాణాల్లో టపాకాయలు అమ్మనిచ్చేది ఏడాదిలో కొన్ని రోజులే, అందులో ఈ రెండు పండుగల రోజులూ ఉన్నాయి. ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం నవంబరు 5న అర్ధరాత్రి పన్నెండు దాకా, దీపావళి రాత్రి ఒంటిగంట దాకా కాల్చుకోవచ్చు. నరకాసురుడి బొమ్మను కాల్చే ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళకు ఫాక్స్ బొమ్మ పెద్ద వింతగా అనిపించదు. అన్నట్టు, యార్క్‌లో ఫాక్స్ చదివిన సెయింట్ పీటర్స్ బడిలో మాత్రం ఆ బొమ్మను కాల్చరు. తమ బడి పిల్లవాడిని తగలబెట్టడం మర్యాద కాదని వాళ్ళ ఉద్దేశం.

మరొకరి ప్రశ్న: సార్, యూదులు తమవాళ్ళు కానివాళ్ళను "గోయ్" అంటారు కదా, గై అందులోంచి వచ్చిందని ఎక్కడో చదివాను. అలాగే కరెంటు స్తంభాలకు కట్టే తీగను ఇంగ్లీషులో గై వైర్ అంటారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: రెండింటికీ లేదండీ. గోయ్ అనే మాట ఉన్న ఇడ్డిష్ భాష మాట్లాడే యూదులు యూరప్ నుంచి పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్ళింది 1880ల తర్వాత. 1847కే "ఒకతను" అనే అర్థం అక్కడ స్థిరపడి ఉంది. పైగా బొమ్మ, వింత వేషం, మనిషి అని మెట్టు మెట్టుకూ ఆధారం దొరుకుతుంటే మధ్యలో ఇంకో భాషను తీసుకురావాల్సిన పని లేదు. శబ్దం దగ్గరగా ఉంది కదా అని మూలం అంటగడితే చాలా పొరపాట్లు జరుగుతాయి. మన భాషలోనూ రోజూ చూస్తున్నాం.

గై వైర్‌లోని గై ఓడవాళ్ళ మాట. తెరచాప కొయ్యను కదలకుండా పట్టి ఉంచే తాడు. ఫాక్స్ పుట్టడానికి చాలా ముందే ఇంగ్లీషులో ఉంది, ఉత్తర జర్మన్ తీరపు మాండలికాల వైపు నుంచి వచ్చిందని నిఘంటువుల అంచనా. మన లైన్‌మెన్లు దాన్ని స్టే వైర్ అంటారు కాబట్టి మనకు ఆ గందరగోళం కూడా లేదు.

ఫాక్స్ పేరులోని గై మాత్రం పాత జర్మానిక్ పేరు "విడో" నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. జర్మానిక్ "వ" ఫ్రెంచిలోకి వెళితే "గ" అవుతుంది. ఇంగ్లీషు విలియం ఫ్రెంచిలో గియోమ్ అయినట్టే. అదే విడో ఇటలీలో గ్విడో. అంటే ఫాక్స్ పేరు మార్చుకున్నా, చుట్టూ తిరిగి అదే పేరు దగ్గర ఉన్నాడు.

మరొకరు: చాప్, ఫెలో, డ్యూడ్ సంగతి కూడా చెప్పండి గురువుగారూ.

జవాబు: క్లుప్తంగా చెబుతాను. చాప్ అనేది చాప్‌మన్ అనే మాటకు పొట్టి రూపం. చాప్‌మన్ అంటే వర్తకుడు, తర్వాత కొనుగోలుదారు, చివరికి "ఒకతను". ఫెలో పాత నార్స్ భాష నుంచి వచ్చింది, సొమ్ము కలిపి వ్యాపారం పెట్టుకున్న భాగస్తుడు అని అసలు అర్థం. తెలుగులో "ఆ ఫెలో" అంటే కొంచెం చులకన వినిపిస్తుంది కానీ మూలంలో అది నమ్మకం మీద నిలబడ్డ మాట.

డ్యూడ్ మాత్రం గైకి జోడీ. 1883లో న్యూయార్క్‌లో ఒక్కసారిగా పాకిన మాట. మితిమీరిన సోకులు చేసే కుర్రాడిని వెక్కిరించడానికి వాడారు. గై అంటే చింపిరి వేషం, డ్యూడ్ అంటే అతి వేషం. రెండూ బట్టల మీద ఎగతాళిగా మొదలై, ఇప్పుడు స్నేహితుడిని పిలిచే మాటలయ్యాయి.

మొదటి ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషమండీ, అమ్మాయికి చదివి వినిపించాను. ఇంకొక్కటి. ఆడవాళ్ళను కూడా గైస్ అనడం ఎలా వచ్చింది? మన తెలుగులో దానికి సరైన మాట లేదా?

జవాబు: మీరడిగిన దాంట్లోనే అసలు రుచి ఉందండీ. ఇంగ్లీషులో ఒకప్పుడు మనకున్నట్టే రెండు మాటలుండేవి. దౌ అంటే నువ్వు, యు అంటే మీరు. ఒకరిని ఏకవచనంతో పిలిస్తే అక్కడా అవమానమే. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ అందరి ముందూ "నిన్ను నువ్వు అనే అంటాను, ద్రోహీ" అన్నాడు. 1606లో ఫాక్స్ బృందం మీద ప్రభుత్వం తరఫున వాదించింది కూడా ఈ కోక్‌గారే. ఆ తర్వాత క్రమంగా దౌ మాయమైపోయి, ఒకరికైనా పదిమందికైనా యు ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు కుక్కపిల్లను కూడా మీరు అంటున్నట్టే లెక్క.

మర్యాద సమస్య తీరింది కానీ కొత్త ఇబ్బంది వచ్చింది. "యు" అంటే నువ్వొక్కడివా, మీరందరూనా? ఆ ఖాళీని ఒక్కో ప్రాంతం ఒక్కోలా పూడ్చుకుంది. అమెరికా దక్షిణాన "యాల్" అంటారు, ఐర్లండ్‌లో "యూజ్" అంటారు, పిట్స్‌బర్గ్‌లో "యిన్జ్" అంటారు, బ్రిటన్‌లో "యు లాట్" అంటారు. మిగతా అమెరికాలో ఆ పని "యు గైస్" చేసింది. అక్కడ గైస్ పని "అందరూ" అని చెప్పడమే కాబట్టి ఆడా మగా తేడా కరిగిపోయింది. అందరూ దీన్ని ఒప్పుకోరు. ఆడవాళ్ళున్న ఆఫీసు మీటింగులో గైస్ అనకూడదని అభ్యంతరం చెప్పేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, వాళ్ళ వాదనలోనూ బలం ఉంది. మగవాడి మాట అందరి మాట కావడం ఎప్పుడూ జరిగేదే, ఆడవాళ్ళ మాట అందరి మాట ఎందుకు కాదు అని వాళ్ళు అడుగుతారు.

ఇక తెలుగు సంగతి. నా ఉద్దేశంలో మనకు గైస్‌తో సరితూగే సొంత రూపం ఒకటుంది, దాన్ని మనమే పట్టించుకోవడం లేదు. అదే "ర్రా". ఒక్క అబ్బాయిని "రారా" అంటాం. ఒక్క అమ్మాయిని "రావే" అంటాం. నలుగురూ కలిసి ఉంటే? "రండర్రా". అందులో మగపిల్లలున్నారా, ఆడపిల్లలున్నారా అన్న తేడా లేదు. "ఏమర్రా, అన్నాలు తిన్నారా?", "ఇక పడుకోండర్రా", "కాస్త వినండర్రా" అని మా కోస్తా ఇళ్ళల్లో అమ్మమ్మలు పిల్లల గుంపు మొత్తాన్నీ ఒక్క మాటతో పిలుస్తారు. ఏకవచనంలో లింగభేదం ఉండి, బహువచనంలో పోవడం గై, గైస్ విషయంలో జరిగిందే. మనకు అమెరికా సాయం లేకుండానే జరిగింది.

మరి యూట్యూబ్‌లో "హాయ్ గైస్" అని ఎందుకంటున్నారంటే, "ర్రా" అనాలంటే చనువుండాలి, లేదా వయసులో పెద్దవాళ్ళై ఉండాలి. ముక్కూ మొహం తెలియని ప్రేక్షకులను "ఏంటర్రా" అంటే ఊరుకోరు. పోనీ "మిత్రులారా", "సోదరసోదరీమణులారా" అందామంటే ఆ "లారా" సభల వాసన కొడుతుంది. అన్నా, అక్కా, బాబాయ్ అనాలంటే ఎదుటివాళ్ళ వయసు తెలియాలి. తెలుగులో పిలుపంటేనే వరస. వరస తెలియని చోట ఇరవై ఏళ్ళ పిల్లలకు టెన్షన్. గైస్ ఆ టెన్షన్ తీసేసింది. అందుకే చూడండి, మనం గైస్ అన్న పిలుపును మాత్రమే తెచ్చుకున్నాం. "నిన్న ఒక గై కనిపించాడు" అని తెలుగు మాటల మధ్య దాదాపు వినబడదు. దానికి మనకు "ఒకతను", "ఒకాయన", "ఒకడు" ఉన్నాయి, మర్యాద మెట్లతో సహా. లేనిదే తెచ్చుకున్నాం, ఉన్నదాన్ని తెచ్చుకోలేదు. మీ అమ్మాయి మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ స్నేహితురాళ్ళతో మాట్లాడేటప్పుడు చనువు ఉంది కాబట్టి "ఏంటర్రా" కూడా వాడి చూడమనండి.

మరొకరు: మాది వరంగల్ సార్. మా దిక్కు యార్ అంటం. "ఏం యార్" అని ఆడపిల్లలు కూడా ఒకలనొకలు అంటరు. అది కూడా మగోళ్ళ మాటనేనా?

జవాబు: కాదండీ, యార్ మొదటినుంచీ అందరిదీ. అది ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. స్నేహితుడు, తోడు అని అర్థం. ఫారసీ వ్యాకరణంలో లింగభేదమే లేదు, అతనికీ ఆమెకూ ఒకటే సర్వనామం. కాబట్టి ఆడపిల్లలు యార్ అనుకోవడంలో అర్థం సాగదీసిందేమీ లేదు.

మీ మాట చూశాక అడగాలనిపిస్తోంది. కోస్తాలో "రండర్రా" అన్నట్టు, మీ వైపు ఇంట్లో పెద్దవాళ్ళు ఆడా మగా కలిసిన పిల్లల గుంపును ఏమని పిలుస్తారు? "రాండ్రి" అంటే మర్యాద కదా, మరి చనువుగా పిలిచేటప్పుడు? రాయలసీమ వాళ్ళు, ఉత్తరాంధ్ర వాళ్ళు కూడా చెప్పండి. జిల్లా పేరు రాసి, మీ ఇంట్లో విన్న వాక్యం ఉన్నదున్నట్టుగా పెడితే బాగుంటుంది.